ముందు సీటు

నాయుడుపేట డ్రైవరు సమాధానం ఊటీకి ఎన్నిసార్లు వెళ్ళి వచ్చాడో ఆయనకే లెక్క లేదు. కొడైకెనాలూ అంతే, మున్నారూ అంతే. కొత్తగా పెళ్ళయిన జంటల్ని తీసుకెళ్ళాడు, పరీక్షలు రాసి ఊపిరి పీల్చుకున్న కాలేజీ పిల్లల్ని తీసుకెళ్ళాడు, కోతలైపోయి చేతిలో నాలుగు డబ్బులాడుతున్న రైతుల్ని తీసుకెళ్ళాడు. అయినా ఊటీ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఆయన దగ్గరున్న జవాబు ఒక్కటే.

"చలిగా ఉంటది. పార్కింగే కష్టం."

ఈ జవాబు వింటే ఆయన భార్య ఆనందకుమారికి ఒళ్ళు మండేది. దేశమంతా తిరిగొచ్చి ఒక్క చెట్టు గురించి చెప్పలేని మనిషిని నేనెక్కడా చూడలేదమ్మా అని చర్చిలో పక్కన కూర్చున్న వాళ్ళకు చెప్పి నవ్వేది. పాపం, ఆయన అబద్ధం చెప్పింది లేదు. ఎక్కేటప్పుడు రోడ్డు చూడాలి, దిగేటప్పుడూ రోడ్డే చూడాలి. పైకి చేరాక ప్యాసింజర్లు కెమెరాలు తీసుకుని బిలబిలమని దిగిపోతారు. వాళ్ళ సామాన్లన్నీ బండిలోనే ఉంటాయి కాబట్టి డ్రైవరు బండి విడిచి కదలకూడదు. సీటు వెనక్కి వాల్చుకుని, దుప్పటి మెడదాకా లాక్కుని, వాళ్ళు తిరిగొచ్చే దాకా అద్దంలోంచి పక్క బండి వెనకభాగం చూస్తూ కూర్చోవాలి. సమాధానం చూసిన ఊటీ అది.

చిట్టమూరు మండలంలో ఒక పల్లె ఆయనది. ఆ ప్రాంతమంతా ఎటు చూసినా చదునే. వరి మళ్ళు, వాటి అవతల రొయ్యల గుంటలు, ఇంకా అవతల సముద్రం. గడ్డివామిని మించిన ఎత్తు అక్కడ కనపడదు. అలాంటి చోట పుట్టినవాడు ముందు ట్రాక్టరు నేర్చాడు, తర్వాత లారీ, తర్వాత వేరే వాళ్ళ జీపు, చివరికి నాయుడుపేటలో కాపురం పెట్టి సొంతంగా తవేరా బండి కొనుక్కున్నాడు. ముందు అద్దం మీద 'క్రీస్తు కృప' అని రాయించాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ కృపకు ఎప్పుడూ లోటు రాలేదు.

ఆయన బండి ఎక్కాలంటే కొన్ని కట్టుబాట్లుండేవి. ప్రార్థన చేయకుండా బండి కదలదు. నడిపేటప్పుడు డ్రైవరు ఫోను ఎత్తడు, అవతల కలెక్టరుగారైనా సరే. అన్నిటికన్నా గట్టిది ముందు సీటు కట్టుబాటు. డ్రైవరు పక్కన కూర్చున్నవాడు నిద్రపోకూడదు. పక్కవాడి గురక డ్రైవరు కళ్ళమీదకి పాకుతుందని ఆయన నమ్మకం. నిద్ర పోయాడా, బండి ఆపి, దించి, వెనక్కి పంపించేవాడు. ఒకసారి పెళ్ళికొడుకు మేనమామనే అలా దించితే ఆ పెద్దమనిషి అలిగి తాళి కట్టే దాకా మాట్లాడలేదు. సమాధానం మాత్రం ఇంకొకరి బండిలో ముందు సీట్లో కూర్చుంటే రెప్ప వాల్చే రకం కాదు. అసలు ఇంకొకరు నడిపే బండిలో ఆయనకు నిద్రనేదే లేదు. బస్సెక్కినా మెడ సాచి డ్రైవరు కాళ్ళకేసి చూస్తూ ఉండేవాడు.

అలాంటి మనిషికి మోకాళ్ళు మొరాయించాయి. క్లచ్చి తొక్కీ తొక్కీ ఎడమకాలు అరిగిపోయిందనీ, ఇక దూరాలు వద్దనీ డాక్టరు చెప్పాడు. మూడోరోజు సమాధానం బండి అమ్మేస్తానన్నాడు. బస్టాండు దగ్గర ట్రావెల్స్ నడిపే వెంకటేష్ కొనడానికి సిద్ధమయ్యాడు. వచ్చే సోమవారం వచ్చి తాళం తీసుకుంటానన్నాడు.

అడ్డం పడింది కూతురు అబిగయీలు. డిగ్రీ అయ్యాక బట్టల కొట్లో బిల్లు కౌంటరు దగ్గర కూర్చుంటోంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆ ట్యూబులైటు కింద కూర్చోలేక ప్రాణం విసిగిపోయిన పిల్ల. డ్రైవింగ్ నేర్పింది ఆయనే, కోతలైపోయిన రోజుల్లో చిట్టమూరు వైపు ఖాళీ రోడ్ల మీద, సరదాకి. సరదా కాస్తా లైసెన్సు దాకా వెళ్ళింది. నెల్లూరు ఆసుపత్రికీ తిరుపతికీ ఆమే నడిపేది, ఆయన పక్కన కూర్చుని ప్రాణాలు బిగబట్టుకునేవాడు.

"బండి నాకియ్యి నాన్నా. నేను తిప్పుతా" అంది అబిగయీలు.

"కొండ రోడ్డు నీకు తెలవదు."

"తెలవకపోతే నేర్చుకుంటా. నువ్వేమన్నా కొండమీద పుట్టినావా?"

ఆనందకుమారి పక్కకు తిరిగి నవ్వుకుంది. సమాధానం మాత్రం పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని గొణుక్కుంటూ చెప్పులేసుకుని బయటికి పోయాడు.

పోయింది ఎక్కడికో కాదు, చర్చి సందులో ఉన్న రూఫస్ టైలరు షాపుకి. రూఫస్ ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. ఆదివారం పాట ఎత్తితే చర్చి పైకప్పు లేచేంత గొంతు గానీ, బండెక్కితే మాత్రం కడుపులో తిప్పి నిమ్మకాయ పట్టుకుని మూలకు పడిపోతాడు. ఆ రోజు అక్కడ పెంచలకృష్ణ కూడా ఉన్నాడు. సమాధానం సొంతూరి వాడే, బడిలో ఒకే బెంచీ, ఇప్పటికీ అక్కడే ఉండి వరి పండిస్తాడు. ధాన్యం అప్పుడే బుచ్చిరెడ్డిపాలెం మిల్లుకి తోలేసి చొక్కా కుట్టించుకోవడానికి వచ్చాడు. సంగతంతా విని చొక్కా మాట మర్చిపోయాడు.

"ఒరే సమాధానం, ఇంతకాలం నువ్వు మమ్మల్ని తిప్పినావు. ఒక్కసారి నిన్ను మేం తిప్పుతాం. ఊటీ పోదాం. పిల్ల నడపతాది. నువ్వు పక్కన ప్యాసింజరు మాదిరి కూర్చో" అన్నాడు.

"దానికి కొండ రోడ్డు..."

"అదే చెప్తా ఉండా. కొండెక్కి దిగేదాకా నువ్వు స్టీరింగు మీద చెయ్యి పెట్టకూడదు, ఆ పిల్లని ఒక్క మాట అనకూడదు. దిగినాక నీ మనసుకి నచ్చితే బండి దానికి. నచ్చలేదా, సోమవారం వెంకటేష్‌కి తాళం ఇచ్చెయ్. తీర్పు నీదే. అబిగయీలు కూడా అడ్డం చెప్పకూడదు."

ఇంటికొచ్చి చెబితే అబిగయీలు వెంటనే ఒప్పుకుంది. అంత తొందరగా ఒప్పుకోవడం సమాధానానికి నచ్చలేదు. కొంచెమన్నా భయపడి ఉంటే ఆయనకు ధైర్యంగా ఉండేది.

తెల్లవారకముందే నలుగురూ బయల్దేరారు, ఆనందకుమారి ఇంట్లోనే ఉండిపోయింది. మామూలుగా బండి ముందు ప్రార్థన సమాధానమే చేసేవాడు, నాలుగు ముక్కల్లో. ఇప్పుడు ఆయన డ్రైవరు కాదు కదా అని ఆ పని రూఫస్ తీసుకున్నాడు. చక్రాల నుంచి మొదలుపెట్టి తమిళనాడు ప్రభుత్వం దాకా అందరికోసం ప్రార్థించాడు. పెంచలకృష్ణ కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆమెన్ అనవయ్యా సామీ, తెల్లారతా ఉంది. మా పెంచలకోన నరసింహస్వామికి కూడా ఒక్క మాట చెప్పుకోనీ" అని, రెండు చెంపలూ వేసుకుని బండెక్కాడు.

శ్రీకాళహస్తి, తిరుపతి, చిత్తూరు, వేలూరు దాటి సేలం వైపు సాగిపోయింది బండి. రోడ్డు వెడల్పు, పిల్ల నిదానం, అనడానికి ఏమీ దొరకలేదు. మాట్లాడకూడదన్న షరతు కాబట్టి సమాధానం నోరు మూసుకున్నాడు గానీ, ఆయన కుడికాలు ఊరుకోలేదు. ముందు లారీ బ్రేకు లైటు వెలిగినప్పుడల్లా ఆ కాలు కింద మ్యాటుని గట్టిగా తొక్కేది. వెనక సీట్లోంచి పెంచలకృష్ణ అది గమనించాడు.

"ఏందిరా ఆ తొక్కుడు? బండి ఇద్దరు నడపతా ఉండారా?"

రూఫస్ నిమ్మకాయ ముక్కు దగ్గర్నుంచి తీసి మరీ నవ్వాడు. అబిగయీలు నవ్వలేదు. అద్దంలో వెనక బండి చూసుకుంటోంది.

మేట్టుపాళయంలో రాత్రికి ఆగారు. ఊటీ కొండ మొదలయ్యేది అక్కడి నుంచే. భోజనానికి సమాధానానికి తెలిసిన హోటలుకే వెళ్ళారు. కొండదారి హోటళ్ళలో ఒక పద్ధతి ఉంటుంది. ప్యాసింజర్లను తెచ్చిన డ్రైవరుకు వెనకవైపు వేరే బల్ల, భోజనం ఊరికే పెడతారు. సమాధానం చేతులు కడుక్కుని తిన్నగా వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళ అలవాటు కాళ్ళలో ఉంటుంది, బుర్రలో కాదు.

వడ్డించేవాడు పరోటా తెచ్చి, ఏ బండి అని తమిళంలో అడిగాడు. సమాధానం బండి పేరు చెప్పబోయి ఆగాడు. లేచి నిలబడ్డాడు.

"డ్రైవరు నేను కాదు. ఆ పిల్ల" అని చూపించాడు.

ఆ మాట నోటితో అనడం అదే మొదటిసారి. ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది ఆయనకు.

బల్ల చుట్టూ ఉన్న మగవాళ్ళు తలలు తిప్పి చూశారు. అబిగయీలు వచ్చి, తండ్రి లేచిన కుర్చీలో కూర్చుంది. తర్వాత ఎదురుగా ఉన్న ముసలి బస్సు డ్రైవరొకాయన తన ప్లేటు కాస్త పక్కకు జరిపి, నీళ్ళ జగ్గు ఆమె వైపు నెట్టాడు. అందరూ మళ్ళీ తినడంలో పడ్డారు. సమాధానం ఇవతల కుటుంబాల వైపు కూర్చుని డబ్బిచ్చి తిన్నాడు.

నిజం చెప్పాలంటే కొండ రోడ్డు కాదు ఆయన భయం. పిల్ల చేతి మీద ఆయనకు నమ్మకం ఉంది, ఒప్పుకోడు గానీ. ఆయన భయమల్లా డ్రైవరు బతుకు. అర్ధాకలి తిండి, పెట్రోలు బంకులో స్నానం, వాల్చిన సీట్లో నిద్ర, తాగొచ్చిన ప్యాసింజరు కేకలు. అవన్నీ తాను పడ్డాడు. పడుతున్నప్పుడు ఏమీ అనిపించలేదు. కూతురు ఆ కుర్చీలో కూర్చున్నాక ఒక్కొక్కటీ లేచి వచ్చి ఎదుట నిలబడ్డాయి.

పొద్దున్నే కొండెక్కడం మొదలుపెట్టారు. మొదట పోకతోటలు వచ్చాయి. సన్నటి చెట్లు, వాటి మధ్య చీకటి, చల్లగాలి. ఆ తర్వాత రోడ్డు ఒక్కసారి వెనక్కి మెలిక తిరిగి పైకి లేచింది. ఇక మెలిక మీద మెలిక. ఒకవైపు రాతిగోడ, ఒకవైపు లోయ. గోడల మీద కోతులు కుటుంబాలతో సహా కూర్చుని, వచ్చే పోయే బళ్ళను తనిఖీ చేస్తున్నాయి.

"అబ్బబ్బ, కింద చూడండిరా! ఆ ఊరు చూడు, అగ్గిపెట్టెలు పరిచినట్టు ఉంది" అని పెంచలకృష్ణ కిటికీలోంచి సగం బయటికొచ్చాడు. రోజూ గడ్డివామిని మించి ఎత్తు చూడని మనిషికి ఆ ఎత్తు కల్లు తాగినంత పని చేసింది. "అదిగో రైలు పట్టాలు! ఒరే సమాధానం, ఎడమ పక్క చూడరా, రైలు కొండెక్కతా ఉంది!"

సమాధానం చూడలేదు. మెడ తిరగలేదు. ఆయన కళ్ళు రోడ్డు మీద మేకు కొట్టినట్టున్నాయి. బస్సు దిగుతోంది, చోటు చాలుతుందా. మలుపులో హారను కొట్టిందా. మూడో గేరులో ఎక్కిస్తోంది, రెండుకి మార్చాలి. మార్చింది. మ్యాటు మీద కుడికాలు, గాలిలో ఎడమకాలు, రెండూ పనిచేస్తూనే ఉన్నాయి. రూఫస్ సంగతి సరేసరి. నిమ్మకాయ పిప్పి అయిపోయింది. కళ్ళు మూసుకుని సన్నగా పాట పాడుకుంటున్నాడు, పాట ఆగితే కడుపు తిరుగుతుందని.

కూనూరు దాటాక టీతోటలు మొదలయ్యాయి. అక్కడొక వ్యూపాయింటు దగ్గర ఆగారు. పార్కింగులో బండి పెట్టగానే సమాధానం అలవాటు కొద్దీ సీటు వెనక్కి వాల్చబోయాడు. పెంచలకృష్ణ తలుపు తీసి రెక్క పట్టి లాగాడు.

"దిగరా నాయనా. నువ్వు ప్యాసింజరువి."

అబిగయీలు బండి దగ్గరే ఉండిపోయింది. ముగ్గురూ మెట్లెక్కి లోయ అంచున ఇనప కమ్మీ దగ్గరికి వెళ్ళారు. సమాధానం కమ్మీ పట్టుకుని తలెత్తాడు.

ఎదురుగా కొండ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ. దగ్గరిది పచ్చన, ఆ వెనకది నీలం, దాని వెనకది ఉందో లేదో తెలియని రంగు. వాలు మీద టీతోటలు దువ్విన తలలాగా ఉన్నాయి. లోయలోంచి మబ్బు ఒకటి తీరిగ్గా పైకొచ్చి, వాళ్ళ కాళ్ళకిందనే ఆగి, మళ్ళీ దిగిపోయింది. కాళ్ళకింద మబ్బు! చిట్టమూరులో మబ్బంటే తలెత్తి, చేత్తో ఎండకు అడ్డం పెట్టుకుని, వానొస్తుందా రాదా అని చూసేది.

"దూరపు కొండలు నునుపంటారు గదా, ఇవి దగ్గరికొచ్చినా నునుపే" అన్నాడు పెంచలకృష్ణ. కబుర్ల పోగైన అతని గొంతు కూడా తగ్గిపోయింది. రూఫస్ నిమ్మకాయ పారేసి రెండు చేతులూ కమ్మీ మీద ఆనించి నిలబడ్డాడు.

సమాధానానికి ముందు సంతోషమే కలిగింది. తర్వాత కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఇది ఇక్కడే ఉంది ఇన్నేళ్ళూ. ఆ మెట్ల కిందే తాను బండిలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ఎక్కి చూడమని ఎవరూ అనలేదు, తానూ అడగలేదు. ఇప్పుడు కింద అదే పార్కింగులో అదే సీట్లో కూతురు కూర్చుని ఉంది. ఆ ఆలోచన రాగానే కొండలు చూడబుద్ధి కాలేదు. పిల్లని పైకి పంపి తాను కాపలా ఉందామని వెనక్కి తిరిగాడు.

అబిగయీలు ఆయన వెనకే ఉంది. ఒక చేతిలో కారం చల్లిన మామిడి ముక్కలు, ఇంకో చేతిలో తాళం.

"బండి?" అన్నాడు.

"తాళం వేసినా నాన్నా."

"తాళం వేస్తే? సామాన్లు లోపల ఉండాయి గదా! డ్రైవరనేవాడు బండి వదిలిపెట్టి వస్తాడా? రేపు ప్యాసింజర్ల వస్తువు పోతే ఎవురు జవాబు చెప్పేది?"

మాట్లాడకూడదన్న షరతు అప్పుడే మరిచాడు. పెంచలకృష్ణ గుర్తు చేయబోతే రూఫస్ మోచేత్తో పొడిచాడు.

"విలువైనవి మీతో తీసుకుపోండని ముందే చెప్తా. మిగతావి తాళంలో ఉంటాయి. నేను కూడా చూస్తా నాన్నా. ఇంత దూరం నడిపింది నేను" అంది అబిగయీలు. గొంతు పెంచలేదు. మామిడి ముక్క ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

"చెప్తే వింటారా ప్యాసింజర్లు?"

"ముందే మాట్లాడుకుంటా. ఆడోళ్ళనే తీసుకుపోతా, మన చర్చి స్త్రీల సమాజం వాళ్ళు, టీచర్లు, నర్సులు. వాళ్ళు దిగే గదిలోనే నాకూ ఒక మంచం. అది కూడా ముందే చెప్తా. ఒప్పుకున్నోళ్ళతోనే పోతా."

మంచం అడగొచ్చని సమాధానానికి ఎప్పుడూ తోచలేదు. తోచకపోవడం తన తప్పా, అడిగే ధైర్యం ఉండటం ఈ పిల్ల పొగరా, తేల్చుకోలేక మామిడి ముక్క నోట్లో వేసుకున్నాడు. పుల్లగా ఉంది. తండ్రీ కూతుళ్ళు పక్కపక్కన నిలబడి కాసేపు కొండల్నే చూశారు.

అయినా మనసు ఒప్పుకోలేదు. బండి వదిలి రావడం ఆయనకు తప్పుగానే అనిపిస్తోంది. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు, దిగడంలోనే ఉంది అసలు సంగతి అనుకున్నాడు. ఆ రాత్రి ఊటీలో లాడ్జి గదిలో, ఉన్ని దుప్పటి కింద, పరుపు మీద పడుకున్నాడు. ఊటీలో ఆయన పరుపెక్కడం అదే మొదలు. హాయిగా నిద్రపోయాడు, పెంచలకృష్ణ గురక పెట్టినా సరే.

మర్నాడు టిఫిను తిని, బొటానికల్ గార్డెను చూసి, ఇళ్ళకు కారట్లూ టీపొడీ కొనుక్కుని, కోటగిరి దారిన దిగడం మొదలుపెట్టారు. బయల్దేరే ముందు వెంకటేష్ ఫోను చేశాడు. "అన్నా, ఎల్లుండి సోమవారం వస్తా ఉండా, తాళం రెడీ గదా?" అని అడిగాడు. "దిగినాక చెప్తా" అని పెట్టేశాడు సమాధానం. అబిగయీలు ఆ మాట వింది. సీటు బెల్టు పెట్టుకుంది. తాళం తిప్పేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పిల్లకూ భయముంది అనుకున్నాడు సమాధానం. ఎందుకో ఆయనకు బాధేసింది.

కోటగిరి దాటాక దారి కిందికి వాలింది. మలుపులో కింది నుంచి బస్సొకటి ఎక్కివస్తోంది. కొండమీద ఎక్కే బండికే దారి. ఆపు అని సమాధానం నోరు తెరవబోయాడు. బండి అప్పటికే ఆగి ఉంది. వెడల్పుగా ఉన్న చోట, రాతిగోడ వైపు ఒదిగి, అబిగయీలు ఎదురు చూస్తోంది. వెనక కారువాడు హారను మీద హారను కొట్టాడు. ఆమె కదల్లేదు. బస్సు మూలుగుతూ వచ్చి, ఇంత సందులోంచి పక్కకు దాటి పోయింది. బస్సు డ్రైవరు చెయ్యెత్తాడు. ఆమె తలూపి గేరు వేసింది.

రెండో గేరు. బ్రేకు మీద కాలు ఊరికే ఆనీ ఆనకుండా ఉంది. బండిని ఇంజనే పట్టి ఆపుతోంది. గుమ్మని ఒకే శ్రుతిలో వస్తున్న ఆ మూలుగు సమాధానానికి బాగా తెలుసు. ముప్పై ఏళ్ళుగా తన కాలికింద విన్న చప్పుడు. ఒక మలుపు, ఆ చప్పుడు మారలేదు. ఇంకో మలుపు, మారలేదు. టీతోటల మధ్య ఎర్ర పెంకుటిల్లు కనపడింది. దాని ముందు ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. ఇది రోడ్డు కాదు కదా, నేను పక్కకు చూస్తున్నానే అనుకున్నాడు. ఎండ ఒకసారి ఒడిలోకి వచ్చి, మలుపు తిరగగానే భుజం మీదికి పోయి, మళ్ళీ ఒడిలోకి వచ్చింది. వెనక రూఫస్ సన్నగా పాడుతూనే ఉన్నాడు.

"ఒరే! ఒరే సమాధానం! లెయ్యరా!"

పెంచలకృష్ణ భుజం పట్టి కుదుపుతున్నాడు. సమాధానం ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. బండి ఆగి ఉంది. ఎదురుగా టీ అంగడి, దాని పక్కన కొబ్బరిబోండాల గుట్ట, ఉక్కపోత. రోడ్డు చదునుగా, తిన్నగా మేట్టుపాళయం వైపు పోతోంది. కొండ వెనక్కి తిరిగి చూస్తే కనపడుతోంది, పైనెక్కడో, నీలంగా.

"ఇదేంది? కొండ?"

"దిగేసినాం. నువ్వు గురక పెట్టినావు. నా గురక దానిముందు దిగదుడుపు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంట! ముందు సీట్లో నిద్రపోకూడదని లోకమంతా దించినోడివి గదరా!" పెంచలకృష్ణ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. రూఫస్ నవ్వలేక, ఊపిరాడక, కొబ్బరిబోండం పక్కన పెట్టేశాడు.

సమాధానం కూతురి కేసి చూశాడు. అబిగయీలు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ఆయననే చూస్తోంది. నవ్వడం లేదు. కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఇంకొకరి బండిలో నాన్న రెప్ప వాల్చడని నాయుడుపేటలో ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు?

సమాధానం గొంతు సవరించుకున్నాడు. ఏదో అనాలి. బ్రేకు బాగా వాడినావనో, గేరు బాగా మార్చినావనో అందామంటే ఆయన చూసింది ఎక్కడ? పరీక్ష పెట్టడానికి వచ్చి పరీక్షంతా నిద్రపోయిన పంతులు ఏమని మార్కులేస్తాడు?

అబిగయీలే మాట్లాడింది. కళ్ళు తుడుచుకుంది.

"దిగు నాన్నా."

"ఏంది?"

"ముందు సీట్లో నిద్రపోతే దించి వెనక్కి పంపాల గదా. బండి కట్టుబాటు."

పెంచలకృష్ణ నవ్వు ఆగిపోయింది. సమాధానం తలుపు తీసుకుని, మోకాలు పట్టుకుని నెమ్మదిగా దిగి, వెనక తలుపు తీశాడు. రూఫస్ జరిగి చోటిచ్చాడు. పెంచలకృష్ణ వెళ్ళి ముందు కూర్చుని, కళ్ళు రెండూ ఇంతింత చేసుకుని బిగుసుకున్నాడు.

బండి కదిలింది. వెనక సీట్లోంచి రోడ్డు సరిగా కనపడదు. కిటికీలోంచి కొండ కనపడుతోంది, చాలాసేపు కనపడింది. సమాధానం కుడికాలు చాపుకున్నాడు. కింద మ్యాటు మెత్తగా ఉంది.

సేలం రోడ్డెక్కాక జేబులో ఫోను మోగింది. వెంకటేష్.

"దిగినారా అన్నా? ఏమనుకున్నావు? బండి సంగతి చెప్పు."

సమాధానం ముందుకు వంగి ఫోను అబిగయీలు వైపు చాపాడు. "నీకే. బండి సంగతి అడగతా ఉండాడు."

ఆమె అద్దంలోంచి ఒక్క చూపు చూసి మళ్ళీ రోడ్డు మీదికి కళ్ళు తిప్పుకుంది. "నడిపేటప్పుడు ఫోను ఎత్తను నాన్నా."

సమాధానం ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"బండి ఖాళీ లేదు వెంకటేషూ" అన్నాడు. "మా డ్రైవరు బండి మీద ఉండాది."